టెస్లా కాయిల్‌కి టాప్ లోడ్ ఎంత సైజు? చిన్నదా పెద్దదా, బంతా టోరాయిడా

టెస్లా కాయిల్ అంటే గాల్లోకి పొడుగు స్పార్కులు వదిలే హై వోల్టేజ్ కాయిల్, టాప్ లోడ్ అంటే దాని నెత్తిన పెట్టే లోహపు బుర్ర. ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత వాదించుకుందాం. మీ సెకండరీ (నిలువుగా నిలబెట్టే సన్న తీగ కాయిల్) 110 ఎంఎం పీవీసీ పైపు మీద చుట్టినదై, దాన్ని పాత నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్‌తో, అంటే 9 కేవీ 30 ఎంఏ (9 వేల వోల్టులు, 30 మిల్లీ ఆంపియర్లు) లాంటిదానితో నడుపుతుంటే, నాలుగంగుళాల లావు గొట్టంతో పదహారంగుళాల బయటి వ్యాసం వచ్చే టోరాయిడ్, అంటే గారె ఆకారపుది, పెట్టండి. రెండు సైజుల మధ్య మనసు ఊగుతుంటే పెద్దదే పెట్టి, దానికో మొన తగిలించండి. కాకపోతే ఆ పెద్దది పైకెక్కించే ముందు మీ ప్రైమరీలో (సెకండరీ అడుగున చుట్టూ ఉండే లావు రాగి కాయిల్) చుట్లు మిగిలున్నాయో లేదో చూసుకోండి. ఈ షరతు మర్చిపోయి పెద్దది పెట్టినవాళ్ళే తర్వాత "చిన్నదే నయం" అని చెప్తుంటారు.

మా విజయనగరం, శ్రీకాకుళం వైపు కాలేజీ ఫెస్టుల సీజన్ వచ్చిందంటే డిప్లొమా పిల్లలూ బీటెక్ పిల్లలూ అడిగేది ఒకటే, "అన్నా, పైన ఏ బంతి పెట్టాలి?" సెకండరీ చుట్టడానికి వారాలు పెడతారు, వార్నిష్ మీద వార్నిష్ వేస్తారు, తీరా పైన పెట్టేది మాత్రం ఆఖరి సాయంత్రం వంటింట్లోంచి ఏది దొరికితే అది. నిజానికి మొత్తం కాయిల్ ఏ ఫ్రీక్వెన్సీలో మోగాలో తేల్చేది అదే, కాబట్టి ప్రైమరీ చుట్టక ముందే తేల్చుకోవలసిన విషయం ఇది.

టాప్ లోడ్ చేసే పనులు మూడు. సెకండరీకి కెపాసిటెన్స్ కలిపి దాని ఫ్రీక్వెన్సీని కిందికి దించుతుంది. చార్జిని పోగుచేసి ఉంచి, స్పార్క్ బయల్దేరిన క్షణాన దానికి కావలసింది ఒక్కసారిగా అందిస్తుంది. మూడోది చాలామంది పట్టించుకోరు: సెకండరీ పైచుట్ల దగ్గర ఎలక్ట్రిక్ ఫీల్డ్ పోగుపడకుండా పరిచి, స్పార్కులు తీగలోంచే లేవకుండా కాస్తుంది. మొదటి రెండూ లెక్కకు దొరుకుతాయి, మూడోది ఆకారాన్నీ ఎత్తునీ బట్టి ఉంటుంది.

లెక్కలతో మొదలెడదాం

110 ఎంఎం పైపు మీద 26 గేజి ఎనామిల్ తీగతో 45 సెంటీమీటర్ల ఎత్తున వరస తప్పకుండా చుడితే సుమారు 900 చుట్లు పడతాయి. తీగ అర కిలోకి కాస్త అటూ ఇటూ పడుతుంది, మోటార్ రివైండింగ్ షాపులో తూకానికి ఇస్తారు. ఈ కాయిల్ ఇండక్టెన్స్ సుమారు 19 మిల్లీహెన్రీలు, దానికి సొంతంగా ఉండే కెపాసిటెన్స్ 8 పికోఫారడ్‌లకు కొంచెం తక్కువ. పైన ఏమీ పెట్టకపోతే 410 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది.

ఇప్పుడు దీని మీద ఒక్కొక్క సైజూ పెట్టి చూడండి. రెండంగుళాల గొట్టంతో ఎనిమిదంగుళాల టోరాయిడ్ అయితే దాని కెపాసిటెన్స్ 9 పికోఫారడ్‌లు, కాయిల్ 280 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. మూడుకి పన్నెండు అయితే 13 పికోఫారడ్‌లు, 250 కిలోహెర్ట్జ్. నాలుగుకి పదహారు అయితే 18 పికోఫారడ్‌లకు దగ్గర, 227 కిలోహెర్ట్జ్. ఆరుకి ఇరవైనాలుగు అయితే 26 పైచిలుకు, 195 దాకా దిగిపోతుంది. ఇవన్నీ కాయిల్ కెపాసిటెన్స్‌నీ టోరాయిడ్ కెపాసిటెన్స్‌నీ నేరుగా కూడేసి వేసిన అంకెలు. నిజానికి ఆ రెండూ ఒకదాన్నొకటి కొంత కమ్ముకుంటాయి కాబట్టి అసలు కెపాసిటెన్స్ ఇంతకన్నా కొంచెం తక్కువే, ఫ్రీక్వెన్సీ కొంచెం ఎక్కువే ఉంటుంది. కచ్చితమైన అంకె కావాలంటే జావాటీసీ అనే కాలిక్యులేటర్ ఉంది, ఉచితం, మీ కొలతలన్నీ అందులో వేసుకోండి. కానీ సైజు ఎంచుకోవడానికి పైన చెప్పినవి చాలు.

ఇక వోల్టేజ్. 9 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ పీక్ 12.7 కేవీ. దానికి 16 నానోఫారడ్‌ల కెపాసిటర్ బ్యాంక్ పెడితే ఒక్కో స్పార్క్‌కీ ప్రైమరీలో పోగయ్యే శక్తి 1.3 జౌల్స్. అన్నట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికా వాళ్ళు రాసిన పట్టికలు 60 హెర్ట్జ్‌కి వేసినవి, వాటిని చూసి కెపాసిటర్ కొంటే మనకి చిన్నదైపోతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిగ్గా రెజొనెన్స్ అయ్యేది మన దగ్గర 10.6 నానోఫారడ్‌లు, స్టాటిక్ గ్యాప్‌కి (కదిలే భాగాలు లేని స్పార్క్ గ్యాప్, అంటే కెపాసిటర్ నిండగానే స్పార్క్ దూకి ఆ శక్తిని ప్రైమరీలోకి వదిలే ఖాళీ) దానికి ఒకటిన్నర రెట్లు పెడతారు, అదే ఈ 16. ఆ 1.3 జౌల్స్ ఏ నష్టమూ లేకుండా మొత్తం పైకి చేరిందనుకుంటే ఎనిమిదంగుళాల టోరాయిడ్ మీద 390 కేవీ, పదహారంగుళాలదాని మీద 318 కేవీ, ఇరవైనాలుగుదాని మీద 275 కేవీ వస్తాయి. నిజంలో ఇంతకన్నా బాగా తక్కువే వస్తాయి, అయినా పోల్చుకోడానికి పనికొస్తాయి.

ఇక్కడే అందరికీ వచ్చే అనుమానం, చిన్నదాంట్లో వోల్టేజ్ ఎక్కువ కదా, మరి పెద్దది ఎందుకు? అవే నాలుగు బిందెల నీళ్ళు సన్నటి డ్రమ్ములో పోస్తే మట్టం పైకి వస్తుంది, పెరట్లో గాబులో పోస్తే అడుగునే ఉంటుంది, నిజమే. కానీ చిన్న టోరాయిడ్ ఆ మట్టం దాకా ఆగదు. దాని ఒంపు బిగువుగా ఉంటుంది కాబట్టి ఉపరితలం దగ్గర ఫీల్డ్ త్వరగా పెరిగిపోతుంది. గాలి సెంటీమీటరుకు సుమారు 30 కేవీ దగ్గర తెగుతుంది, ఆ హద్దు చిన్నదానికి ముందే వచ్చేస్తుంది. అంటే వోల్టేజ్ సగంలో ఉండగానే నాలుగు వైపులా సన్నటి ఊదారంగు పోగులు లేచి, ఉన్న శక్తి అంతా వాటికే పంచుకుపోతుంది. చూడ్డానికి ముళ్ళపందిలా బాగానే ఉంటుంది, పొడుగు మాత్రం జానెడు దాటదు. పెద్దది ఆగుతుంది, చార్జి ఎక్కువ పట్టి ఉంచుతుంది, తెగినప్పుడు ఒకటో రెండో లావుపాటి స్పార్కులు తెల్లగా, చప్పుడుగా పోతాయి.

మరీ పెద్దదైతే అసలు తెగదు. మీ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే శక్తికి ఆ ఉపరితలం ఎప్పటికీ తెగే హద్దుకు రాకపోతే, పైన నిశ్శబ్దం, కింద మాత్రం స్పార్క్ గ్యాప్ ఠపఠపలాడుతూ ఉంటుంది. ఇది ప్రమాదం లేని వైఫల్యం అనుకోకండి. బయటికి దారి దొరకని శక్తి ప్రైమరీకీ సెకండరీకీ మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ, బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. సెకండరీ మీద చుట్ల వెంబడి స్పార్కులు పాకుతాయి, ఒక్కసారి వార్నిష్ మీద నల్లటి గీత పడిందంటే ఆ కాయిల్ మీద ఇక నమ్మకం పెట్టుకోలేరు.

దీనికే బ్రేకవుట్ పాయింట్. టోరాయిడ్ బయటి అంచున రెండు మూడు సెంటీమీటర్ల రాగి తీగ ముక్క బయటికి పొడుచుకొచ్చేలా టేపు వేస్తే చాలు, గుండుపిన్ను అయినా సరే. స్పార్క్ అక్కణ్ణుంచే బయల్దేరుతుంది, ఏ దిక్కుకి పోవాలో కూడా మీ చేతిలోకి వస్తుంది. నా మాట ఏమిటంటే, పెద్ద టోరాయిడ్‌కి మొన పెట్టుకుని సర్దుకోవచ్చు, చిన్న టోరాయిడ్‌ని పెద్దది చేయడానికి ఏ సర్దుబాటూ లేదు. ఊగిసలాటలో ఉన్నవాళ్ళకి పెద్దదే చెప్పడానికి కారణం ఇదే.

స్పార్క్ ఎంత పొడుగు రావచ్చో అంచనాకి ఒక పాత సూత్రం ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ వాట్ల వర్గమూలాన్ని 1.7తో హెచ్చిస్తే అంగుళాల్లో వస్తుంది. 9 కేవీ 30 ఎంఏ అంటే 270 వాట్లు, అంటే 28 అంగుళాలు, రెండున్నర అడుగులకి కొంచెం తక్కువ. ట్యూనింగ్ అంతా కుదిరినప్పటి మాట ఇది, మొదటి రోజే ఆశించకండి.

ఈ కాయిల్ కనిపెట్టిన నికోలా టెస్లాకి మాత్రం ఈ స్పార్కులు అక్కర్లేదు. 1914లో ఆయనకి వచ్చిన పేటెంట్లో చెప్పిందే ఇది, పైన ఉన్న టెర్మినల్ ఉపరితలాలు పెద్ద ఒంపుతో ఉంటే చార్జి గాల్లోకి కారిపోకుండా ఎంత వోల్టేజ్ అయినా నిలబెట్టవచ్చు అని. వార్డెన్‌క్లిఫ్ టవర్ మీద 68 అడుగుల వెడల్పు పుట్టగొడుగు లాంటి బుర్ర కట్టించింది అందుకే. ఆయన శక్తిని నేలలోకి పంపుదామనుకున్నాడు, మనం ఫెస్టులో చప్పట్లు కొట్టించుకుందామనుకుంటున్నాం. కాబట్టి ఆయన ఫోటోలు చూసి నిష్పత్తులు తీసుకోకండి, మనకి కావలసింది సరైన సమయానికి తెగేది.

బంతా, టోరాయిడా?

బంతి లెక్క సులువు, వ్యాసార్థం సెంటీమీటర్లలో ఎంతో దానికి 1.11 పెట్టి హెచ్చిస్తే పికోఫారడ్‌లు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బంతి 16.7 పికోఫారడ్‌లు, అంటే కెపాసిటెన్స్‌లో మన పదహారంగుళాల టోరాయిడ్‌కి దాదాపు సమానం. మరి ఏది పెట్టినా ఒకటేనా? కాదు. ఆ బంతి ఒంపు వ్యాసార్థం 15 సెంటీమీటర్లు, సెంటీమీటరుకు 30 కేవీ చొప్పున చూస్తే అది 450 కేవీ దాకా తెగకుండా ఆగగలదు. మీ 270 వాట్ల కాయిల్ నష్టాలు లేకుండా నడిచినా 320 కేవీ దగ్గరే ఆగిపోతుందని పైన చూశాం. అంటే మొన లేకుండా ఆ బంతి ఈ కాయిల్ మీద పనిచేయదు. టోరాయిడ్ గొట్టం వ్యాసార్థం 5 సెంటీమీటర్లే, అది తెగుతుంది.

దిక్కు కూడా తేడాయే. టోరాయిడ్ బయటి అంచు దగ్గర ఫీల్డ్ ఎక్కువ, కాబట్టి స్పార్క్ అడ్డంగా, బయటికి పోతుంది, ప్రైమరీకి దూరంగా. బంతికి అలాంటి ఇష్టాయిష్టాలు లేవు, పైనుంచీ లేస్తుంది, పక్కనుంచీ లేస్తుంది, కడుపు కిందనుంచి కూడా లేస్తుంది. పైగా సెకండరీ పైచుట్లని కప్పే పని టోరాయిడ్ చేసినంత బాగా బంతి చేయదు, ఎందుకంటే దాని వెడల్పు అంతా చుట్లకి దూరంగా, పైన ఉంటుంది. ఏ రకంగా చూసినా స్పార్క్ గ్యాప్ కాయిల్‌కి నా ఓటు టోరాయిడ్‌కే.

బంతికి చోటు ఉంది, చిన్న ట్రాన్సిస్టర్ కాయిల్స్ మీద. ఒకే ట్రాన్సిస్టర్‌తో, 2ఎన్2222తోనో బీడీ139తోనో, బల్ల మీద పెట్టి ట్యూబ్‌లైట్ వెలిగించే కాయిల్‌కి టేబుల్ టెన్నిస్ బంతికి రేకు కాగితం చుట్టి పెడితే సరిపోతుంది, అది రెండు పికోఫారడ్‌లే. దాని మీద ఇంతకన్నా చర్చ అనవసరం, స్కూలు సైన్స్ ఫెయిర్‌కి తీసుకెళ్ళండి, పని అయిపోతుంది. అంతకన్నా ఒక మెట్టు పైది, మాస్ఫెట్‌లతో (వేగంగా తెరుచుకుని మూసుకునే స్విచ్చుల్లాంటి ట్రాన్సిస్టర్లు) 75 ఎంఎం పైపు మీద చేసేదానికి, గుండ్రటి ఇత్తడి చెంబు ఒకటి బోర్లించి పెట్టినా బాగుంటుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి చెంబులు చూశారుగా, ఆ కడుపు ఒంపు ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. మూతి పైకి పెట్టకండి, ఆ అంచు పదునుకి స్పార్కులన్నీ అక్కణ్ణుంచే లేస్తాయి. బోర్లిస్తే అంచు కడుపు నీడలో పడుతుంది.

మాస్ఫెట్ కాయిల్స్‌లో సెకండరీ నుంచే ఫీడ్‌బ్యాక్ తీసుకునేవాటికి ఇంకో సౌకర్యం, టాప్ లోడ్ మార్చినా డ్రైవర్ దాని వెంబడే పోతుంది, ట్యూనింగ్ తలనొప్పి లేదు. పైగా పెద్దది పెడితే లాభం కూడా. 75 ఎంఎం పైపు మీద 34 గేజితో 20 సెంటీమీటర్లు చుట్టిన కాయిల్ ఒంటరిగా 650 కిలోహెర్ట్జ్ దగ్గర మోగితే, రెండుకి ఎనిమిది టోరాయిడ్ పెట్టగానే 370కి దిగుతుంది. మాస్ఫెట్‌లు సెకనుకి తెరుచుకుని మూసుకునే సార్లు తగ్గితే వేడి తగ్గుతుంది, హీట్ సింక్ మీద చెయ్యి పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది, కరెంటు తీసేశాక లెండి. ప్రైమరీకి కూడా కెపాసిటర్ ఉండే డీఆర్ రకం మాత్రం వేరు, అక్కడ మళ్ళీ ట్యూనింగ్ వస్తుంది, స్పార్క్ గ్యాప్ కాయిల్‌కి చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

సైజుకి ఉజ్జాయింపు కొలత

లెక్కలు వద్దు, కొలత చెప్పమంటే: గొట్టం లావు సెకండరీ పైపు వ్యాసానికి దగ్గరగా, బయటి వ్యాసం దానికి నాలుగు రెట్లు. నాలుగంగుళాల పైపుకి నాలుగూ పదహారూ, ఆరంగుళాల పైపుకి ఆరూ ఇరవైనాలుగూ. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే, 6 కేవీ 20 ఎంఏ లాంటిది, ఒక మెట్టు దిగి మూడుకి పన్నెండు. 12 కేవీ 60 ఎంఏ లాంటి పెద్దది చేతికొస్తే నాలుగంగుళాల కాయిల్ మీదే ఆరూ ఇరవైనాలుగు పెట్టాలనిపిస్తుంది, అది కాయిల్‌కే బరువు. అప్పుడు 160 ఎంఎం పైపుకి మారడమే మంచిది. మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్లతో చేద్దామనుకునేవాళ్ళకి ఒక్కటే చెప్తాను, దాని షాక్ కొట్టిన మనిషి చెప్పుకోడానికి మిగలడు, మొదటి కాయిల్‌కి దాని జోలికి వెళ్ళకండి. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా చంపగలదు, అది గుర్తుపెట్టుకునే చేయండి.

నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే పాత ఇనుప కోర్‌ది, బరువుగా ఉండేది. సైన్‌బోర్డులన్నీ ఎల్‌ఈడీకి మారిపోయాక పాత సామాన్ల కొట్లలో అప్పుడప్పుడు తగులుతుంది. తేలిగ్గా, ప్లాస్టిక్ డబ్బాలో ఉండే ఎలక్ట్రానిక్ రకం దీనికి పనికిరాదు.

దేంతో చేయాలి

అల్యూమినియం డక్ట్ పైపు సులువైన దారి. కిచెన్ చిమ్నీకి బిగించే ముడతల గొట్టం అన్నమాట, నాలుగంగుళాలదీ ఆరంగుళాలదీ దొరుకుతాయి. పదహారంగుళాల టోరాయిడ్‌కి గొట్టం మధ్యగీత పన్నెండంగుళాల వ్యాసంలో తిరగాలి, అంటే సుమారు మూడడుగుల రెండంగుళాల ముక్క. లాగి, వంచి, రెండు కొసలూ ఒకదాంట్లో ఒకటి దూర్చి టేపు వేయండి. లోపలి వైపు ముడతలు నలుగుతాయి, ఫరవాలేదు, అటు ఎవరూ చూడరు, ఫీల్డ్ కూడా చూడదు. మధ్యలో ఖాళీకి గుండ్రంగా కోసిన ప్లైవుడ్ పలక మీద రేకు టేపు అంటించి బిగించండి, ఆ రేకు గొట్టానికి తప్పకుండా తగలాలి.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చినది, పాత స్కూటర్ ట్యూబ్. చేతక్ లాంటి పది అంగుళాల రిమ్ము స్కూటర్ టైరు మీద 3.50-10 అని ఉంటుంది. గొట్టం మూడున్నర అంగుళాలు, బయటి వ్యాసం పదిహేడు దాకా. లెక్క వేస్తే 18 పికోఫారడ్‌లు, మన నాలుగుకి పదహారుతో సరిసమానం! ట్యూబ్‌ని టైరు లేకుండా ఊదితే ఒకచోట బుడగలా ఉబ్బుతుంది కాబట్టి గాలి మెల్లగా, ఆకారం నిలిచేంత మాత్రమే కొట్టించుకోవాలి. పంచర్ షాపాయన "ఏటి బావూ, టైరు లేదు, బండి లేదు, గాలి కొట్టమంటావు, దీనికి కాగితాలు అంటిస్తానంటావు, ఏటి సంగతి?" అని నవ్వినా పట్టించుకోకండి. దాని మీద మైదా జిగురుతో పేపర్ ముక్కలు నాలుగైదు పొరలు, ఒక్కో పొర ఆరాక ఇంకోటి. కాగితం గట్టిపడ్డాక గాలి తీసేసినా ఆకారం నిలుస్తుంది, తీయకుండా వదిలేస్తే ఎండలో ట్యూబ్ ఉబ్బి కాగితం పగులుతుంది. పైన వార్నిష్ ఒక చేయి, ఆ తర్వాత అల్యూమినియం టేపు.

టేపు వేయడంలోనే పనితనం అంతా ఉంది. చిన్న చిన్న పట్టీలుగా కోసి, గొట్టం చుట్టూ అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పావు వంతు ఎక్కేలా వేయండి. ప్రతి పట్టీ అతుకూ లోపలి వైపుకి, అంటే మధ్య రంధ్రం వైపుకి రావాలి. ఆ తర్వాత స్టీలు చెంచా వీపుతో రుద్దాలి, ముడత కనపడనంతగా. ఎక్కడైనా ఒక్క టేపు మూల గోరంత లేచినా, చీకట్లో కాయిల్ నడిపినప్పుడు మొట్టమొదట అక్కడే ఊదారంగు చుక్క మెరిసి, సన్నగా బుస్సుమంటుంది. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో వానాకాలపు చెమ్మకి కాగితం మెత్తబడి ఆ మూలలు తొందరగా లేస్తాయి, వార్నిష్ వేయమన్నది అందుకే. డక్ట్ పైపుకి ఈ చెమ్మ బాధ లేదు. సముద్రానికి దగ్గర్లో ఉండి కాయిల్ ఏడాది పొడుగునా ఉంచుకోవాలనుకుంటే డక్ట్, ఫెస్టు కోసమైతే ట్యూబ్.

స్టీలు బేసిన్లు రెండు మూతికి మూతి పెట్టి అతికించడం చాలామంది చేస్తారు. చెడ్డది కాదు, కానీ అంచులు కలిసే చోట చుట్టూ ఒక పదునైన గీత మిగులుతుంది, టేపు నాలుగు పొరలు వేస్తే తప్ప పోదు. గేటు స్తంభాల మీద బిగించే స్టీలు బంతులు నున్నగా ఉంటాయి గానీ నాలుగైదు అంగుళాలకి మించి మామూలుగా దొరకవు, చిన్న కాయిల్స్‌కే.

ప్రైమరీ సంగతి మర్చిపోతే అంతా వృథా

టాప్ లోడ్ పెద్దదైతే ఫ్రీక్వెన్సీ దిగుతుంది, దాన్ని అందుకోడానికి ప్రైమరీలో చుట్లు పెరగాలి. ఏసీ మెకానిక్‌లు వాడే పావంగుళం రాగి గొట్టంతో, లోపలి వ్యాసం ఏడంగుళాలు, చుట్టుకీ చుట్టుకీ మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి అరంగుళం ఉండేలా చదునుగా చుట్టారనుకోండి. 16 నానోఫారడ్‌లతో, ఎనిమిదంగుళాల టోరాయిడ్‌కి ట్యాప్, అంటే ప్రైమరీ మీద తీగ తగిలించే చోటు, ఏడున్నరో చుట్టు దగ్గర వస్తుంది. పన్నెండంగుళాలదానికి ఎనిమిదిన్నర దాటి. పదహారుకి తొమ్మిదిన్నర దగ్గర. ఇరవైనాలుగుకి పదకొండుకి కొద్దిగా ముందు. రాగి ఖరీదు చూసి ఎనిమిది చుట్లకే ఆపేసినవాళ్ళు పదహారంగుళాల టోరాయిడ్ పెట్టుకుని, స్పార్కులు రావట్లేదని టోరాయిడ్‌ని తిట్టుకుంటారు. పన్నెండు చుట్లు చుట్టండి, నలభై అడుగుల పైన గొట్టం పడుతుంది, వాడని చుట్లు వదిలేసినా నష్టమేమీ లేదు, ఒకే ప్రైమరీతో నాలుగు సైజులూ ప్రయత్నించవచ్చు. లేదా ఉన్న ఎనిమిది చుట్లతోనే గడవాలంటే అప్పుడు చిన్న టోరాయిడే మీ సైజు, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

స్పార్క్ లేచాక అది కూడా గాల్లో వేలాడే కెపాసిటెన్సే, ఫ్రీక్వెన్సీని ఇంకాస్త కిందికి లాగుతుంది. అందుకని లెక్కలో వచ్చిన చోటు నుంచి ట్యాప్‌ని పావు చుట్టు, అర చుట్టు బయటికి జరుపుతూ చూడాలి. ప్రతిసారీ ప్లగ్ పీకి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, ఆ తర్వాతే చేయి పెట్టండి. కాలేజీ ల్యాబులో ఫంక్షన్ జనరేటర్, స్కోప్ దొరికితే సెకండరీ ఒంటరి ఫ్రీక్వెన్సీ ముందే కొలుచుకోవచ్చు. ఒక మాట, కాయిల్ నడిపే చోటే కొలవండి, గోడలు దగ్గరైనా మనిషి పక్కన నిలబడినా అంకె మారుతుంది.

ఎత్తు, చుట్టుపక్కల

టోరాయిడ్ అడుగు సెకండరీ ఆఖరి చుట్టుకి ఒకటి రెండు అంగుళాల పైన ఉంటే బాగుంటుంది. మరీ పైకి లేపితే పైచుట్లకి కాపు పోయి తీగ మీంచే స్పార్కులు లేస్తాయి. మరీ కిందికి దించితే టోరాయిడ్ నుంచి చుట్ల మీదికి దూకుతుంది. చేతిలో ఉన్నది వెడల్పుగా, సన్న గొట్టంతో ఉంటే దాని కింద ఇంకో చిన్న టోరాయిడ్ పెట్టి పైచుట్లని కప్పవచ్చు, కాకపోతే రెండిటి కెపాసిటెన్స్ మొత్తం కూడదు, దగ్గరదగ్గరగా ఉన్నవి ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి.

45 సెంటీమీటర్ల సెకండరీ మీంచి 70 సెంటీమీటర్ల స్పార్క్ వస్తుందంటే అది ప్రైమరీ మీదికి దిగగలదని వేరే చెప్పక్కర్లేదు. ప్రైమరీ బయటి చుట్టుకి పైన ఒక రాగి రింగు, రెండు కొసలూ కలవకుండా ఖాళీ వదిలి, ఎర్త్‌కి కలిపి పెట్టండి. మొనని ట్రాన్స్‌ఫార్మర్ లేని వైపుకి తిప్పండి. ఆ ఎర్త్ ఇంటి వైరింగ్‌ది కాకూడదు, విడిగా పాతిన రాడ్ కావాలి, ఇసుక నేలైతే రెండు బిందెలు నీళ్ళు పోసి తడపండి. ఇంటి ఎర్త్‌కి కలిపితే హై ఫ్రీక్వెన్సీ వైరింగ్ అంతా తిరిగి, పక్క గదిలో టీవీ పోతుంది.

ఇంట్లో నడిపేవాళ్ళు తలెత్తి సీలింగ్ ఫ్యాన్ చూడండి. కాయిల్ బల్ల మీద పెడితే టోరాయిడ్ పైభాగం సుమారు ఆరడుగుల దగ్గరకి వస్తుంది, ఫ్యాన్ రెక్కలు ఎనిమిదడుగుల దగ్గర ఉంటాయి, మధ్యలో మిగిలేది స్పార్క్ పొడుగంతే. ఫ్యాన్‌కి తగిలితే అది నేరుగా ఇంటి వైరింగ్‌లోకి పోయినట్టే. నేల మీద పెట్టండి, ఇరవైనాలుగంగుళాల టోరాయిడ్ అయితే గదిలో వద్దు, డాబా మీదికో కాలేజీ ఆడిటోరియంలోకో తీసుకెళ్ళండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళని ఆ చుట్టుపక్కలకే రానివ్వకండి, సెల్‌ఫోన్లూ లాప్‌టాప్‌లూ దూరంగా పెట్టించండి, కిటికీలు తెరిచి ఉంచండి, ఓజోన్ వాసన గొంతులో గరగరలాడిస్తుంది.

ఇప్పటికే ఎనిమిదంగుళాలది చేసేసుకున్నవాళ్ళు పారేయకండి. ముందు దాంతోనే ట్యూన్ చేయండి, తక్కువ శక్తితో తెగుతుంది కాబట్టి ట్యాప్ సరిగ్గా కుదిరిందో లేదో త్వరగా తెలుస్తుంది, సెకండరీ ఇన్సులేషన్‌కి కూడా పరీక్ష అయిపోతుంది. అంతా నిలబడ్డాక పదహారుది ఎక్కించి, ట్యాప్‌ని దాదాపు రెండు చుట్లు బయటికి జరిపి, మొన పెట్టి మొదలెట్టండి. స్పార్క్ బలంగా వస్తుంటే మొనని కొంచెం కొంచెంగా లోపలికి తోస్తూ పోండి, ఏ పొడుగు దగ్గర స్పార్క్ ఆగిపోతుందో దానికి ఒక్క పిసరు బయట వదిలేయండి.